నా థైరాయిడ్ కోసం అమ్మ పీకేసిన క్యాబేజీ

పొద్దున జనగామ నుంచి రఘునాథపల్లిలో ఉన్న అమ్మ దగ్గరికి వెళ్లాను. ఇంటి వెనక మడి బోసిగా కనిపించింది. పోయిన వారం అక్కడ క్యాబేజీలు గడ్డ కడుతున్నాయి. ఇవాళ అవన్నీ బర్రె ముందు కుప్పగా పడి ఉన్నాయి.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"నీ థైరాయిడ్‌కు గీ క్యాబేజీ పడదంట బిడ్డా. పక్కింటి సుజాత ఫోన్ల సూపెట్టింది. అందుకే అన్నీ పీకేసిన."

నాది అయోడిన్ తక్కువై వచ్చిన జబ్బు కాదు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తుంటుంది. ఉడికించి మామూలుగా తింటే క్యాబేజీతో ఏమీ కాదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అమ్మ గోళ్లలో మట్టి ఇంకా అలాగే ఉంది.

ఇంతలో అమ్మ లోపలికి పోయి ఏవో ఆకుల పొడి ఉన్న సీసా తెచ్చింది.

"గిది రోజూ నీళ్లల్ల కలిపి తాగితే థైరాయిడ్ గోలి బంద్ చేయొచ్చంట. చేస్తవా?"

"ఆ గోలి ఆపొద్దమ్మా. రోజూ వేసుకోవాల్సిందే."

అమ్మ మడి వైపు చూసింది.

"గిన్ని పీకినా గోలి బంద్ కాదా?"

నేను బర్రె వైపు చూశాను. ఈ డైట్‌తో ఇవాళ లాభపడింది బర్రె ఒక్కటే.

సీసా ఇప్పుడు మా వంటగదిలో, నా గోలీల పక్కనే ఉంది. తాగే ధైర్యం లేదు, పారేసే ధైర్యం అసలే లేదు. రేపు పొద్దున్నే ఫోన్ చేసి "తాగినవా బిడ్డా?" అని అడుగుతుంది. ఏం చెప్పమంటారు?