బటన్ చాకు పిడి

ఖతర్‌లోని మెసయీద్‌ను అప్పట్లో మేమంతా ఉమ్ సయీద్ అనేవాళ్లం. ఒక వైపు రేవు, ఒక వైపు రిఫైనరీ, మధ్యలో ఎప్పుడూ ఏదో ఒకటి కడుతూనే ఉండే ఇసుక నేల. నేను అక్కడొక కంపెనీలో వడ్రంగిని. ఓడల్లోంచి దిగిన యంత్రాల పెట్టెలు విప్పడం, ఆ చెక్కతో క్యాంపుకి బల్లలు, మంచాలు చెయ్యడం నా పని. మా ఊరివాళ్ల లెక్కలో మాత్రం నేను దుబాయ్‌లో ఉన్నాను.

క్యాంపులో నా పక్క మంచం హైదరాబాద్ పాతబస్తీ మనిషిది. నాకన్నా చాలా పెద్దవాడు. అందరిలాగే నేనూ భాయ్ అని పిలిచేవాణ్ణి. రేవులో సరుకుకి తాళ్లు కట్టి క్రేనుకి తగిలించే పని ఆయనది. ఎప్పుడో ఇనుప తాడు కింద పడి నలిగిన ఎడమ చేతి వేళ్లు సగం వరకే ముడుచుకునేవి. అందుకే ఒక ఓడ కళాసీ దగ్గర బటన్ చాకు కొనుక్కున్నాడు. బొటనవేలితో నొక్కితే చాలు, పిడిలోంచి బ్లేడు టక్కున బయటికొచ్చేది. రెండో చేతితో పని లేదు. దాంతోనే తాళ్లు కోసేవాడు, ఉల్లిగడ్డ తరిగేవాడు, గోళ్లు కూడా తీసుకునేవాడు.

ఉక్కు మంచిదే. పిడే నాసిరకం. ముత్యంలా మెరిసే ఎర్ర ప్లాస్టిక్. మొదటి ఎండాకాలానికే జిగట పట్టి కర్పూరం వాసన కొట్టడం మొదలుపెట్టింది.

"నా జేబులకెల్లి మీ గుడి వాసనొస్తున్నది తమ్మీ!" అని నవ్వేవాడు భాయ్.

పోనుపోను ప్లాస్టిక్ కుంచించుకుపోయి, మేకుల దగ్గర పగిలి, బటన్‌ని పట్టేసింది. ఒకసారి దానంతటదే జేబులో తెరుచుకుని తొడ గీరింది కూడా. కొత్త పిడి చేస్తానని నేనే అన్నాను.

ముందు పెట్టె చెక్కతో చేశాను. మెత్తటి విదేశీ కర్ర. చెమటంతా తాగి, మేకు దగ్గర చీలిపోయింది. తర్వాత ఓడలో సరుకు కింద వేసే నల్లటి గట్టి కర్ర ముక్క దొరికింది. కొబ్బరినూనె రుద్ది అద్దంలా మెరిపించాను. నా చేతుల మీదుగా అంత అందమైన వస్తువు ఇంకోటి రాలేదు. కానీ సముద్రం మీంచి ఉక్క గాలి మొదలవగానే చెక్క ఉబ్బి మళ్లీ బటన్‌ని నొక్కేసింది.

చివరికి ఎలక్ట్రీషియన్ల గదిలో పారేసిన పలక ఒకటి తెచ్చాను. కరెంటు బోర్డుల వెనక పెట్టేది, గుడ్డ పొరల్ని జిగురుతో కలిపి రాయిలా బిగించిన గోధుమరంగు పలక. కోస్తే అంచులో మడత పెట్టిన దుప్పటిలా పొరలు కనిపించేవి. ఆకురాయితో దాన్ని అరగదీసేసరికి నా వేళ్లు బొబ్బలెక్కాయి. ఇత్తడి కడ్డీ ముక్కలతో మేకులు వేశాను. బటన్ చుట్టూ వెంట్రుకవాసి సందు వదిలాను. గ్రీసు చేతిలో జారకూడదని నునుపు చెయ్యలేదు.

"సూడనీకె ఏం మంచిగ లేదు భాయ్" అన్నాను ఇస్తూ.

"దీన్ని షాదీకి తీస్కపోతనా? చేతుల నిలవడాలె, గంతే."

నిలబడింది. ఎండకి మెత్తబడలేదు, ఉక్కకి ఉబ్బలేదు.

తర్వాత ఇంకో క్యాంపులో తాగి కొట్టుకున్నారు. ఒకడు బటన్ చాకుతో ఇంకొకడి కడుపులో పొడిచాడు. అలాంటి చాకులన్నీ అప్పగించాలని మా కంపెనీ కూడా ఆర్డరు వేసింది. భాయ్‌తో పాటు నేనూ సేఫ్టీ ఆఫీసరు దగ్గరికి వెళ్లాను.

"సాబ్, ఇన్‌కా హాథ్ దేఖో" అని బతిమాలాను.

ఆయన భాయ్ చెయ్యి చూశాడు. చాకు తీసుకుని బటన్ నొక్కాడు. టక్కుమని తెరుచుకుంది. పిడి మీద వేలితో రాసి "అచ్ఛా బనాయా" అన్నాడు. నాకు ఆశ పుట్టింది. కానీ ఆర్డరు అందరికీ ఒకటేనని, దాన్ని తీసుకెళ్లి మిగతావాటితో అట్టపెట్టెలో వేశాడు.

బదులుగా కంపెనీ మామూలు మడత చాకు ఇచ్చింది. గోరుతో లాగి తెరవాలి, రెండు చేతులూ కావాలి. భాయ్ పళ్లతో తెరిచేవాడు. కొన్నాళ్లకి ముందు పన్ను విరిగింది.

చలికాలం ఒక పొద్దున పైపుల కట్ట పైకి లేస్తోంది. అది ఊగకుండా భాయ్ కిందనుంచి పట్టుకున్న తాడు మెలిపడి ఆయన ఎడమ మణికట్టుకి చుట్టుకుంది. బరువు అటు ఊగింది. కేకలు విని నేను పెట్టెలు విప్పే గొడ్డలితోనే పరిగెత్తాను. క్రేను ఆగి, నేను తాడు నరికేసరికే ఆయన చెయ్యి భుజం దగ్గర ఊడినట్టు వేలాడుతోంది. తెరుచుకోని చాకు పళ్ల మధ్యే ఉంది.

ఆస్పత్రికి సేఫ్టీ ఆఫీసరు యాపిల్ పండ్లు తెచ్చాడు. కూర్చోలేదు. సంచి మంచం పక్కన పెట్టి వెళ్లిపోయాడు. ఆ చాకు ఉంటే ఏమయ్యేదో నేనైతే చెప్పలేను. అంత భయంలో బటన్ మీదికి వేలు పోయేదో లేదో. కానీ పోయే వీలైనా ఉండేది కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ చెయ్యి ఇక లేవలేదు. భాయ్‌ని ఇంటికి పంపేశారు. సెలవుకి వెళ్లినప్పుడు పాతబస్తీలో కలిశాను. అల్లుడి గాజుల దుకాణం ముందు కుర్చీలో కూర్చున్నాడు. భార్య రొట్టె తుంచి చేతికిస్తుంటే నా ముందు సిగ్గుపడ్డాడు.

"క్రేన్ల మీద ఎవరున్నరు ఇప్పుడు? తాళ్లు ఎవరు కడుతున్నరు?" అని ఒక్కొక్కరి గురించీ అడిగాడు. చెప్పినంతసేపూ విన్నాడు. తర్వాత "కూసుంటె పొద్దు పోతలేదు తమ్మీ" అన్నాడు.

తిరిగొచ్చాక, భాయ్ ఉన్నచోట ఇంకొకరు తాళ్లు కడుతుంటే చూడలేక నన్ను రేవు నుంచి మార్చమని ఫోర్‌మన్‌ని అడిగాను. దోహాలో కొత్త ఇళ్లకి తలుపులు బిగించే పనిలో వేశారు.