అత్తమ్మ నమలని శెనక్కాయలు

మా ఇంట్లో మూడు ముక్కలాట డబ్బుతో ఆడం, శెనక్కాయలతో ఆడతాం. ఎమ్మిగనూరు దగ్గర మా ఊళ్లో పత్తి ఏరడం అయిపోయి, ముందరి గదిలో కుప్ప పోసి ఉన్న రోజులవి. ఆదోని మార్కెట్టుకు ఇంకా తోలలేదు. మబ్బు పట్టి ఉంది, ఆ గది కప్పేమో ఒక మూల కారుతుంది. తెల్లారితే ఆదోనిలో బంధువుల పెళ్లి. పత్తి దగ్గర ఒకరు ఉండిపోక తప్పదు. ఎవరుండాలో ఆటలో గెలిచినవాళ్లు చెప్పాలన్నాడు మా మరిది.

అంతకు ముందు రెండు పెళ్లిళ్లకూ ఉండిపోయింది నేనే. ఈసారి బళ్లారి నుంచి మా అక్క వస్తోంది. ఆపరేషన్ అయ్యాక నేను దాన్ని చూడనే లేదు. గెలిస్తే మరిదినే ఉండమంటానని చెప్పే కూర్చున్నాను.

ముగ్గురితో మూడు రకాలుగా ఆడాలని నాకు తెలుసు. మా ఆయనకు భయమెక్కువ. రెండో గుప్పెడు వేశాడంటే ముక్కలు బాగున్నట్టే, మనం ముక్కలు పడేసి తప్పుకోవాలి. మరిది ముక్కలు చూడకుండానే వేస్తూ పోతాడు. వాడి నోటికి బెదరకుండా కూర్చుంటే చాలు. అత్తమ్మ సంగతి కనిపెట్టడానికే నాకు ఏళ్లు పట్టింది. ముక్కలు బాగాలేకపోతే, ఎలాగూ పోయేవే కదా అని తన కాయలు తానే కొరికి తింటూ ఉంటుంది. బాగుంటే ఆ నోరు ఆగిపోతుంది.

ముందు మా ఆయన కాయలు అయిపోయాయి, తర్వాత మరిదివి. ఇక మేమిద్దరమే. నా చేతికి రాణుల జోడీ వచ్చింది. అత్తమ్మ గుప్పెడు వేసింది, నేనూ వేశాను. మళ్లీ వేసింది. నోరు మాత్రం కదలడం లేదు. నా దగ్గర ఒక్క గుప్పెడే మిగిలింది.

“ఏమ్మే, ఏస్తావా, పారేస్తావా? ముక్కలకు పూజ సేస్తాండావే,” అంది అత్తమ్మ.

మరిది నా పక్కకు ఒరిగి, “వదినా, అమ్మకు పొద్దన్నుంచి పన్ను నొప్పి. అందుకే తినలే. ఏసెయ్,” అన్నాడు.

నేను గెలిస్తే ఉండిపోవాల్సింది వాడే, ఆ సంగతి వాడికీ తెలుసు. మరి నన్నెందుకు వేయమంటాడు? ఆటలో వాడు నిజం చెప్పింది ఎప్పుడు? అంటే పన్ను నొప్పి అబద్ధం, ముక్కలు బాగున్న మాట నిజం అనుకుని పడేశాను.

అత్తమ్మ తన ముక్కలు తిప్పింది. నాలుగు, ఏడు, తొమ్మిది. జోడీ కూడా లేదు. మిగిలిన గుప్పెడు తర్వాతి ఆటలో పోయింది. ఇక పత్తి దగ్గర నేనే అనుకుని లేవబోతుంటే అత్తమ్మ కాయలన్నీ కొంగులో పోసుకుంటూ, “నేనుంటాలే. మీరు పోయి రాండి. నీ అక్కను అడిగినానని సెప్పు,” అంది.

ఆ పని గెలవకుండానే చేయొచ్చు కదా. పాపం, పన్ను నొప్పి నిజమేనేమో, పెళ్లి భోజనం తినలేక ఉండిపోయిందేమో అనుకున్నాను. పెళ్లిలో అక్క నా చేయి పట్టుకుని ఏదో చెబుతున్నా మధ్యమధ్యలో ఆ తొమ్మిదే గుర్తొచ్చింది. వచ్చేటప్పుడు అత్తమ్మ కోసమని మెత్తటి పాయసం గిన్నెలో పోయించుకుని తెచ్చాను.

ఇంటికొచ్చి చూస్తే పత్తి పక్కన శెనక్కాయల పొట్టు మోకాలెత్తు ఉంది.

“పన్ను ఎట్లుందత్తమ్మా?”

“యా పన్ను?”

మరిదిని అడిగితే, “నా మాట నువ్వు నమ్మవని నాకు తెల్దా వదినా,” అని నవ్వాడు. ఇప్పటికీ ఆటలో ఆమె నోరు ఆగితే నా చేయి కూడా ఆగిపోతుంది.