అండీ లేని మాట

చిన్నకోడలికి నోట్లో నాలుక లేదని ఇంటిల్లిపాదీ అనేవారు. భర్త పోయాక అట్టపెట్టెల కార్ఖానాలో పనికి కుదిరింది. కుదిర్చింది బావగారు, భర్తకి అన్న. రోలర్ల మిషను నడిపేది ఆయన, అవతలి చివర అట్టలు అందుకునేది ఈవిడ. ఇంట్లో ఆయన ఎదురుపడితే తలుపు చాటుకి తప్పుకునే మనిషాయె.

సూపర్‌వైజరు మొదటిరోజే చెప్పాడు. "ఏదైనా తేడా కనిపిస్తే 'స్టాప్' అని అరవాలమ్మా. శనివారం పరీక్ష పెడతా. అరవలేకపోతే మిషను దగ్గర ఉంచను."

"అంటే ఆపండి అనేగా?"

"అర్థం అదే. కానీ ఆపండి అంటే ఎందుకూ ఏమిటీ అని అడుగుతారు. స్టాప్ అంటే ముందు చెయ్యి బటన్ మీదికి పోతుంది. అడగడాలన్నీ తర్వాతే."

అర్థం తేలిగ్గానే తలకెక్కింది. వాడుకే కొరుకుడు పడలేదు. బావగారిని పట్టుకుని అండీ లేకుండా, గారూ లేకుండా, ఒట్టి స్టాపా? ఆ వారమంతా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. పొంగుతున్న పాలకి స్టాప్ చెప్పింది, కారుతున్న కుళాయికి చెప్పింది. పాలూ వినలేదు, కుళాయీ వినలేదు. పని పోతే పిల్ల చదువేమవుతుందన్న భయం ఒకపక్క, దీనికి నోరు లేచిందంటారన్న భయం ఇంకోపక్క. మిషను దగ్గర అనబోతే "స్టాపండీ" అని వచ్చింది, అదీ తనకే వినపడనంత మెల్లగా.

శుక్రవారం రోలర్ల మధ్య అట్ట ఇరుక్కుంది. బావగారు ఎప్పటిలాగే మిషను ఆపకుండా చెయ్యి పెట్టి లాగబోయాడు. చొక్కా చేతి అంచుని రోలరు పట్టుకోవడం ఆమె కంటపడింది, ఆయన కంటపడలేదు.

"బావగారండీ" అంది.

"ఏంటమ్మా?" అంటూ ఆయన తల తిప్పాడు. చెయ్యి అక్కడే ఉంది.

"స్టాప్!"

షెడ్డు దద్దరిల్లింది. ఆయన రెండో చెయ్యి దానంతటదే బటన్ మీద పడింది. చొక్కా చిరిగింది, చెయ్యి దక్కింది.

"నీకింక పరీక్ష అక్కర్లేదు" అన్నాడు సూపర్‌వైజరు. అయినా ఆమె మనసు కుదుటపడలేదు. ఇంటికొచ్చి వంటగదిలో గిన్నెలు ఇటువి అటు పెట్టింది, అటువి ఇటు పెట్టింది. తోడికోడలి మొహం చూడలేకపోయింది. కాసేపటికి బావగారే గుమ్మం దాకా వచ్చి మంచినీళ్లు అడిగాడు.

"తప్పయిపోయిందండీ" అంది, తలొంచుకుని గ్లాసు అందిస్తూ.

ఆయన దక్కిన ఆ చేత్తోనే గ్లాసందుకున్నాడు.

"మా అమ్మ పోయాక నామీద అలా అరిచినవాళ్లు లేరమ్మా. రేపు కూడా ఓ కన్ను ఇటు వేసి ఉంచు" అన్నాడు.