మగ్గం గుంతలో చెమ్మ

మునిగిన ఊళ్ల గురించి చాలామంది రాశారు. రిజర్వాయర్ కట్ట కింద, మునగదని అందరూ చెప్పిన చోట ఉండిన మా మేనమామ వాళ్ల వాడ గురించి ఎవరూ రాయలేదు. చూసినవాళ్లు తలో ఊరికి పోయారు. అందుకే నేను రాస్తున్నాను.

మొన్న భువనగిరి గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆ పాత చిత్రం మళ్లీ కనబడింది. ఇంగ్లండులో ఒక సముద్రపు ఒడ్డు పట్టణం మీద ఎన్నడో తీసి దాచిపెట్టిన నలుపు తెలుపు డాక్యుమెంటరీ. నా చదువు పదో తరగతితో ఆగింది. లోకాన్ని మాత్రం గ్రంథాలయాల్లోనే చూశానని కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను. ఆ చిత్రంలో కోట్లు వేసుకున్న పెద్దమనుషులు గుడ్డ కుర్చీల్లో వాలి ఉంటారు. ఆడవాళ్లు ఎగిరిపోయే టోపీలు పట్టుకుని నవ్వుతుంటారు. వాళ్ల వెనక మట్టి గుట్ట అంచున ఇళ్ల వరుస. ఆ ఇళ్లు తర్వాత ఒక్కొక్కటే సముద్రంలో పడ్డాయని వేరే పుస్తకంలో చదివాను. అది తెలిసి చూస్తే ఆ నవ్వులు గుబులు పుట్టిస్తాయి.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు, రిజర్వాయర్‌లోకి మొదటిసారి నీళ్లు వదిలిన తర్వాతి ఎండాకాలం, ఈ చిత్రాన్ని ఫోన్‌లో మామకు చూపించాను. మామది గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తాడు. ఎండలకు గాలి పొడిబారితే పోగులు పటపట తెగుతాయి కనుక మా నేతోళ్లు గుంతలో నీళ్లు చల్లుకుంటారు. ఆ ఏడు చల్లే పనే పడలేదు. గుంత తనంతట తానే తడిగా ఉంది, పోగు తెగడం లేదు. మామ సంబరపడి వాడంతా చెప్పుకున్నాడు. మిగతావాళ్లూ తమ గుంతలు తడిమి చూసుకుని, కట్ట వచ్చి మేలే చేసిందన్నారు. గోడల అడుగు నుంచి వచ్చే పచ్చిమట్టి వాసన నాకు మాత్రం నచ్చలేదు.

అంతంత ఇళ్లు కట్టుకున్నోళ్లకు ఒక్కసారి వెనక్కి చూసే తీరిక లేదా అని మామ నవ్వాడు. ఆ గుట్ట కూడా ముందు లోపల్నుంచే నానిందని చెప్పి, కొన్నాళ్లు మా ఇంటికి రమ్మన్నాను.

"గది సముద్రం, అల్లుడా. గివి మన నీళ్లు. సదివి సదివి నీకు తడి గూడ దయ్యమోలె కనవడ్తాంది."

మగ్గానికి ఎక్కించిన పడుగు పోగులు నేయడం అయిపోయినంక చూద్దామన్నాడు. నడుమన పడుగు కోస్తే ఇంటికి అరిష్టమని మా నేతోళ్ల నమ్మకం.

ఒక పొద్దున గుంతలో మామ పాదాలు మునిగాయి. చెంబుతో నీళ్లు తోడి మళ్లీ కూర్చోబోయాడు. అత్తమ్మ కత్తెర తెచ్చి, సగం నేసిన పడుగును అడ్డంగా కోసింది. మామ చెయ్యి అడ్డం పెట్టబోయాడు.

"పీనుగ గూసుండి నేస్తదా? లెవ్," అన్నది.

మధ్యాహ్నానికి సామాన్లు మా ఇంటికి చేరాయి. అది చూసి పక్కిళ్లవాళ్లూ కదిలారు. తర్వాతి వానకు మామ ఇంటి గోడ మగ్గం గుంతలోకే కూలింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. మామ ఇప్పుడు ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. మళ్లీ గుంత తవ్వలేదు.

కంప్యూటర్ ముందు ఎంతసేపైనా కూర్చోనిచ్చిన గ్రంథాలయం యాదగిరి సారుకు, ట్రాలీ ఆటోలో సామాన్లు చేర్చిన నర్సింహకు, ఇదంతా విని తప్పులు దిద్దిన మామ సత్తయ్యకు, కత్తెర పట్టిన అత్తమ్మ లక్ష్మమ్మకు దండాలు. చెడ్డకాలం ఉరిమి వస్తుందనుకుంటాం గానీ, మా వాడకు అది చల్లగా, పనికి సాయం చేస్తూ వచ్చింది.