రాణి వేషంలో మా అమ్మాయి

వై టూ కే కంప్యూటర్ల పనితో మా ఆయన ఆఫీసులోనే మకాం పెట్టిన ఏడాది, పరాయి దేశంలో మేముండే సన్నీబ్యాంక్ పేటలో మా అమ్మాయి స్కూల్లో ఫ్రెంచి విప్లవం నాటకం వేశారు. రాజు తల అప్పటికే నరికేశారు. రాణి మా అమ్మాయి. చేతులు వెనక్కి కట్టి, బండి మీద తల నరికే గిలెటిన్ దగ్గరికి తీసుకెళ్తుంటే తోటిపిల్లలు పారిస్ జనంలా అరవాలి. అంతే.

మొదట అరిచారు. అంతలో ఒకమ్మాయి జడ పట్టుకుని కిందికి ఈడ్చింది. శనివారాలు మా ఇంట్లో దోసెలు తినే పిల్లే. మిగతావాళ్లు మీదపడి తన్నారు. పెదవి చిట్లి నెత్తురు కారింది. అదీ నటనే అనుకుని పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఆపండి! పిల్లని చంపేస్తున్నారు!" అని తెలుగులోనే అరుస్తూ స్టేజీ ఎక్కాను. జడ పట్టుకున్న పిడికిలిని ఒక్కో వేలుగా విడదీశాను.

"నువ్వెళ్లమ్మా, ప్లీజ్! ఐ విల్ ఫినిష్ ఇట్," అంది మా అమ్మాయి. లేచి, తనంతట తనే నడిచి వెళ్లి అట్టకత్తి కింద తల పెట్టింది.

హాలంతా మళ్లీ చప్పట్లు.

కారులో దాని పెదవి తుడుస్తుంటే అప్పుడు ఏడ్చింది. "జడ లాగినప్పుడు దాని ఫేస్ అసలు దానిలా లేదమ్మా," అంది.