పెద్దమ్మ బాటకు ఇచ్చిన జాగా

పెద్దమ్మ పోయిందని మూలింటి కోడలు ఫోన్ చేసినప్పుడు నేను అచ్చంపేటలో బడికి తయారవుతున్నాను. "టీచరమ్మా, మీ ఇంటామె పొద్దుగాల లేవలే. నిద్రలనే పోయినట్టుంది" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు. ఆ గడప మీంచి ఆమెను కిందికి ఎలా దించుతారా అన్న ఆలోచన వచ్చింది. నన్ను రాతిగుండెదాన్ని అనుకోకండి. ఆ గడప సంగతి తెలిస్తే మీకూ అదే వస్తుంది.

అచ్చంపేటకు బదిలీ కాకముందు మోత్కూర్ దగ్గరి ఒక ఊళ్లో పనిచేసినన్నాళ్లూ నేను ఆమె ముందు గదిలో కిరాయికి ఉన్నాను. మాకు చుట్టరికం లేదు. చేరిన రోజే "ఓనరమ్మ గీనరమ్మ అనకు, పెద్దమ్మా అను" అని తేల్చేసింది. చాయ్ సాసర్లో పోసుకొని ఊదుకుంటూ తాగేది. నా టిఫిన్ డబ్బా మూత తీసి చూసి, "గీ పిట్ట తిండితోని పిల్లగాండ్లకు ఏం చదువు చెప్తవ్" అంటూ ఒక జొన్నరొట్టె మడిచి పెట్టేది. వద్దంటే అలిగేది. ఆ అలక పొద్దుమూకే దాకా కూడా నిలిచేది కాదు.

మా గల్లీ అసలే ఇరుకు. పైగా ప్రతి ఇంటి ముందూ అరుగు. తాతలు కట్టినవాటిని కొడుకులు తలా జానెడు బాటలోకి పెంచుకుంటూ వచ్చారు. అందరికంటే పెద్ద అరుగు పెద్దమ్మదే. సాయంత్రమైతే ఆడవాళ్లంతా అక్కడే చిక్కుడుకాయలు తుంచుకుంటూ ఊరి ముచ్చట్లన్నీ కడిగి ఆరేసేవారు.

ఆమె భర్తకు పక్షవాతం వచ్చిన పొద్దున అంబులెన్సు బజారులోనే ఆగిపోయింది. మంచం మీద మోసుకుపోతుంటే మూలమలుపు దగ్గర మంచం తిరగలేదు. ఆయన్ని కింద దించి, మంచాన్ని నిలబెట్టి తిప్పి, మళ్లీ పడుకోబెట్టి తీసుకుపోయారు. జర ముందుగా తేవాల్సిందని దవాఖానలో డాక్టర్ అన్నాడట. ఆ మాటను పెద్దమ్మ ఎవరి మీదా విసరలేదు, మరిచిపోనూ లేదు.

ఆ తరువాత జరిగిన గ్రామసభలో, రాబోయే ఏళ్లలో ఊరికి ముందుగా ఏం కావాలో మీరే చెప్పండి అని పంచాయతీ కార్యదర్శి అడిగాడు. కోతుల బెడద అన్నారు కొందరు, నీళ్లు అన్నారు ఇంకొందరు. పెద్దమ్మ కొంగు బిగించి లేచింది. "మా గల్లీకి బాట గావాలె సారూ. లోపలికి బండి రావాలె. మా ఆయన పోయినట్టు ఇంకొకలు పోవద్దు."

మా గల్లీ వాళ్లంతా చేతులెత్తారు. కార్యదర్శి మర్నాడే టేపుతో వచ్చి కొలిచాడు. "కాగితాల మీద మీ బాట వెడల్పే ఉందమ్మా. అరుగులే తిన్నయి. మీరు తీసేసుకుంటే సిమెంటు రోడ్డు ఏపిద్దాం" అన్నాడు. అంతే, ఎవరికి వారు పక్కవాళ్ల అరుగు వంక చూడటం మొదలుపెట్టారు. ముందు మూలింటాయన తియ్యనీ అని ఒకరు, ఎదురింటోళ్లు తీస్తే మేమూ తీస్తం అని ఇంకొకరు.

ఆ వారమే పెద్దమ్మ మేస్త్రీని పిలిపించింది. జర ఆగు పెద్దమ్మా అన్నాను. "అడిగింది నేను గదా బిడ్డా. నాదే ముందు పోవాలె" అంది.

అరుగు పోయాక తెలిసింది, ఇంట్లోకి మెట్టు కూడా అదేనని. గడప నడుమెత్తున నిలిచిపోయింది. మెట్లు కట్టమంటావా అని మేస్త్రీ అడిగాడు. "మెట్లు గూడ బాటలకే వస్తయి గదా, వద్దు. అందరు తీస్తే రోడ్డు పడతది. రోడ్డు ఎత్తు పెరుగుతది. అప్పుడు గడప అందుతది" అంది. అప్పటిదాకా స్టూలు వేసుకొని దిగుదామనుకున్నాం.

ఎవరూ తీయలేదు. పెద్దమ్మకు మోకాళ్లు అరిగాయి. ఒకసారి స్టూలు మీంచి పడ్డాక ఇక దిగలేదు. వెనక వైపు దారి లేదు, అటంతా ఇంకొకరి గోడ. ఒక్కగానొక్క కూతురు మహబూబ్‌నగర్ వచ్చెయ్యమంటే, "బాట వడ్డంక వస్త. ఇప్పుడు వస్తే అడిగేటోళ్లుండరు" అనేది. అలా గల్లీకి బాట అడిగిన మనిషి గడపలో కూర్చుండిపోయింది. ఆడవాళ్ల ముచ్చట్లు నాలుగిళ్ల అవతలి అరుగుకు మారాయి. అక్కడ నవ్వులు వినిపిస్తే, "ఏమంటున్నరు బిడ్డా, జర పోయి విని రా" అని నన్ను పంపేది. నేను విన్నదానికి కొంచెం ఉప్పుకారం కలిపి చెప్పేదాన్ని.

ఆమె వదిలిన జాగాలో మూలాయన తన మోటారుసైకిలు పెట్టుకునేవాడు. "కిరాయి ఎవలిస్తరు?" అని ఈమె, "రోడ్డు పడ్డంక ఇస్త వదినె" అని ఆయన నవ్వుకునేవారు. నాకైతే ఒళ్లు మండేది.

ఒక రోజు ఉండబట్టలేక, నీకు కోపం రాదా పెద్దమ్మా అని అడిగేశాను. "ఎవలి మీద? ఆయన అరుగు తీస్తే ఆయన తల్లి ఏడ కూసుంటది? ఎవలి తిప్పలు వాళ్లయి" అంది. మళ్లీ తనే, "గని మంచం తిరుగుతలేదు గదా బిడ్డా" అంది. ఆ గొంతు నేను మరిచిపోలేను.

గ్రామసభ జరిగినప్పుడల్లా, "నా పేరు మీద బాటనే అని చెప్పు, ఇంకోటి అనకు" అని పంపేది. నేను లేచి చెప్పేదాన్ని. మా గల్లీ అంతా చేతులెత్తేది, అందరికంటే ముందు మూలాయనే. తిరిగొచ్చి ఎవరి అరుగు మీద వాళ్లు చాయ్ తాగేవాళ్లు. గడపలోంచి పెద్దమ్మ, "ఏమన్నరు?" అనేది. అందరూ బాటే అన్నారని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు. అయినా చెప్పి ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని.

చివరిచూపుకు నేను వెళ్లేసరికి, పై నుంచి ఇద్దరు అందిస్తుంటే కింద నలుగురు చేతులు చాచి ఆమెను అందుకుంటున్నారు. మలుపు దగ్గర పాడెను ఒక పక్కకు వంచాల్సి వచ్చింది. మూలాయన తన అరుగు మీద నిలబడి పై నుంచి చెయ్యి ఆసరా ఇచ్చాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనదే. అందుకే ఆయన్ని తిట్టుకోవడానికి కూడా నాకు మనసు రాలేదు.

దినాలయ్యాక నా మిగిలిన సామాను తెచ్చుకోవడానికి వెళ్లాను. ఇంటి ముందు మేస్త్రీ పని నడుస్తోంది. కూతురు నిలబడి అరుగు కట్టిస్తోంది. వెనకటిదంత పెద్దది, మెట్టుతో సహా. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఏమనుకోకు అక్కా. మా అమ్మ ఈ గడప దిగకుంటనే పోయింది. ఇంకెవ్వలిని గట్ల ఉండనియ్య" అంది.

నేనైనా కట్టించేదాన్నే. సంచి భుజాన వేసుకొని గల్లీ మొదటిదాకా వచ్చి ఒకసారి వెనక్కి చూశాను. తడి సిమెంటు బట్టలకు అంటకుండా అందరూ పక్కకు తిరిగి, ఎదుటి అరుగును రాసుకుంటూ నడుస్తున్నారు.