అద్దుడు కాగితం మీది పసుపు

మొన్న మోకాళ్ళ నొప్పికని నిజామాబాదు కంఠేశ్వర్‌లో ఆసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ పసుపు మాత్రలు రాసింది. ఇంటికొచ్చి ఒక గొట్టం మాత్ర విప్పి వాసన చూశాను. చూసి, వేసుకోవడం మరిచి అలాగే కూర్చుండిపోయాను. పసుపు ఉడికే రోజుల్లో మా ఇంటి వెనక కళ్ళం కళ్ళముందుకొచ్చింది. పెద్ద కడాయిల మీద లేచే ఆవిరి, అందులో కనబడీ కనబడకుండా తిరిగే మనుషులు, పట్టపగలే మత్తుగా మూతలుపడే నా కళ్ళు.

అరవైల్లో మాట. మా అక్క నిజామాబాదు కాలేజీలో కెమిస్ట్రీ చదివేది. గాయం మాన్పే గుణం పసుపులోని ఏ పదార్థానిదో తేల్చాలని దాని పట్టుదల. అందుకు హైదరాబాదు వెళ్ళి పైచదువు చదవాలి. బాపు మాత్రం "ఇగ సదివింది సాలు, లగ్గం జేద్దాం" అని సంబంధాలు చూస్తున్నాడు. అక్క కాసేపు ఏడ్చి, మళ్ళీ పనిలో పడేది. స్పిరిట్‌లో నానిన పసుపును సిరా పీల్చే అద్దుడు కాగితం అంచున చుక్కగా పెట్టి, ఆ కొసను గ్లాసులోని స్పిరిట్‌కు తగిలించేది. తడి మెల్లగా పైకి పాకుతుంటే ఒక్క పసుపే మూడు చారలుగా విడిపోయేది. దాన్ని చూస్తూ చూస్తూ నేను పక్కనే నిద్రపోయేదాన్ని.

ఒకరోజు ఆ కాగితాలు దండెం మీద ఆరుతున్నాయి. చూపు సరిగా ఆనని మా బాపమ్మ, అంటే నాన్న తల్లి, అంచుల పసుపు చూసి పెళ్ళి పత్రికలే అనుకుంది. తనకు చెప్పకుండానే సంబంధం ఖాయం చేశారని కాసేపు అలిగింది. ఆ తర్వాత సంతోషం పట్టలేక, ఒక్కోదానికీ కుంకుమ బొట్టు పెట్టి వాడకట్టంతా పంచివచ్చింది. సాయంత్రానికి "లగ్గమెప్పుడు?" అంటూ ఇంటినిండా ఆడవాళ్ళు. అక్క ఖాళీ దండెం చూసి, తన కాగితాలు ఏవంటూ ఏడుపందుకుంది.

కాగితాలు తిరిగి తేవడానికి బాపే బయల్దేరాడు. నేనూ వెంటపడ్డాను. మొదటి ఇంట్లో నసుగుతూ, "గవి లగ్గం కాయితాలు గావు, మా బిడ్డ సదువుకునేటియి" అన్నాడు. తర్వాతి ఇంట్లో గొంతు కాస్త లేచింది. "రుద్రూర్ల సర్కారోళ్ళు చెరుకు మీద పరీక్షలు జేస్తలేరా? మా బిడ్డ పసుపు మీద జేస్తున్నది." వాడకట్టు చివరికొచ్చేసరికి కాగితాన్ని దీపం వెలుగుకు పట్టి చారలు చూపిస్తున్నాడు. "గీండ్ల ఏది పుండు మాన్పుతదో సూడాలె. గందుకే పట్నం పంపుతున్న."

అనేశాక తనే ఒక్క క్షణం బిత్తరపోయాడు. కానీ నలుగురిలో అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాడు మా బాపు. కుంకుమ బొట్లున్న ఆ కాగితాలు పెట్టెలో పెట్టుకుని అక్క హైదరాబాదు వెళ్ళింది.

ఈ మాత్రలో ఉన్నది ఏ చారో అడుగుదామంటే ఇప్పుడు అక్క లేదు. వేళ్ళకంటిన పసుపు కడుక్కోబుద్ధి కాలేదు. అంత మనిషిని తీసుకుపోయిన కాలం, ఈ కాస్త వాసనను నాకెందుకు వదిలిపెట్టిందో.